మక్తా గోడల బొమ్మలు చూడాలంటే

ప్రశ్న: హైదరాబాదు మక్తాలో ఇళ్ల గోడల నిండా బొమ్మలున్నాయట. కర్నూలు నుంచి ఒక్కరోజులో చూసి రావచ్చా? ఫోన్‌తో తీస్తే ఫొటోలు బాగా వస్తాయా?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: నిక్షేపంగా రావచ్చు. తెల్లవారుజామున బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగండి. అక్కడే మెట్రో ఉంది. మియాపూర్ వైపు రైలెక్కితే మారే పని లేకుండా ఖైరతాబాద్ చేరతారు. అక్కడి నుంచి ఆటోకు 'ఎం.ఎస్. మక్తా, రాజ్‌భవన్ రోడ్డు' అని చెప్పండి.

సందులు ఇరుకు, వెనక్కి జరగడానికి చోటుండదు. అందుకని ఎక్కువ వెడల్పు పట్టే 0.5 లెన్స్ వాడాల్సి వస్తుంది. ఫోన్ పైకి వంచితే గోడ వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకోండి, కింద ఎక్కువగా వచ్చిన నేలను తర్వాత కత్తిరించుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం సగం గోడ ఎండలో, సగం నీడలో ఉండి రంగులు తేలిపోతాయి. మబ్బు పట్టిన రోజు దొరికితే అదృష్టమే.

కొన్ని బొమ్మలు అడుగున పెచ్చులూడి ఉంటే నిరాశపడకండి. నేలలోని చెమ్మ గోడకెక్కి, ఉప్పు పొంగి రంగును నెట్టేస్తుంది. ఆ మచ్చల్నీ దగ్గరగా చూడండి, కింది పొరలు కనిపిస్తాయి.

అవి జనం కాపురముండే ఇళ్లు. గుమ్మంలో మనుషులుంటే "అమ్మా, తీసుకోవచ్చా?" అని అడిగే తీయండి.