వేడి ఆవిరి కంటే ముందు గదిలో తేమ సంగతి చూడు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వేడి నీటి ఆవిరి ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రం, అంటే ఆవిరి ఏ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఎంత మింగుతుందో చూపే గీతల పటం, తీయబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. రంగధామరావు గారి కాలం నుంచి స్పెక్ట్రోస్కోపీకి పేరున్న ఆంధ్రా యూనివర్సిటీలో ఈ పని నీ చేతికి వచ్చిందంటే నాకెంత సంతోషమో! ఆవిరిని వేడి చేసే ఫర్నేస్ గురించి తర్వాత ఆలోచిద్దువు గాని, ముందు గదిలో గాలి సంగతి చూడు.

మన విశాఖ గాలి 30 డిగ్రీల దగ్గర 75 శాతం తేమతో ఉందనుకో. అందులో ఆవిరి పీడనం సుమారు 32 మిల్లీబార్లు. ఆ గాలిలో లైటు ఒక మీటరు నడిస్తే ఎదురయ్యే నీటి అణువులు, వాతావరణ పీడనంలో 500 డిగ్రీల ఆవిరి నింపిన 10 సెంటీమీటర్ల సెల్‌లో (ఆవిరి ఉంచే గొట్టంలో) ఉన్నవాటికి కాస్తే తక్కువ. ముందే ఖాళీ సెల్‌తో బ్యాక్‌గ్రౌండ్ కొలిచి తీసేస్తే సరిపోతుంది కదా అంటావేమో. ఎవరో తలుపు తీసినా, ఏసీ వేసినా తేమ మారిపోతుంది. పైగా గది ఆవిరే పూర్తిగా మింగేసిన గీతల దగ్గర నీకు కొలవడానికి లైటే మిగలదు. అందుకే పొడి నైట్రోజన్‌తో పర్జ్ చెయ్యి, అంటే అది పంపి తేమ గాలిని బయటికి తోసెయ్యి. స్పెక్ట్రోమీటర్‌కీ ఫర్నేస్‌కీ మధ్య ఉన్న ఖాళీని కూడా గొట్టాలతో మూసి పర్జ్ చెయ్యి, చాలామంది అదే మరిచిపోతారు. ఖాళీ సెల్‌తో 1595 సెం.మీ.⁻¹ చుట్టుపక్కల (నీటి అణువు వంపు కంపనం తాలూకు బ్యాండ్) గీతలు అణిగాకే పని మొదలుపెట్టు.

సెల్ చివర్ల లైటు దూరే విండోలకు పొటాషియం బ్రోమైడ్ వద్దు, నీటిలో కరిగిపోతుంది. నీలమణి 5 మైక్రాన్ల దాకానే పనికొస్తుంది, ఇందాకటి 1595 బ్యాండే 6.3 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అది పోతుంది. కాల్షియం ఫ్లోరైడ్ మంచిది. కాకపోతే వేడి చేయడం, చల్లార్చడం చాలా నిదానంగా జరగాలి, లేదంటే పగులుతుంది. సెల్‌లో నీళ్లు పోసి మూసేసి వేడి చేయకు తల్లీ, పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆవిరి బయటికి పోయే దారి ఉండాలి.

సెల్ చివర్లు చల్లబడితే విండో మీద నీరు పేరుకుంటుంది, లోపల రెండు మూడు ఉష్ణోగ్రతల ఆవిరి కలిసిపోతుంది. అది చిన్న విషయం కాదు. వంపు కంపనం మొదటి మెట్టు మీదున్న అణువులు, కింది స్థితిలో ఉన్నవాటితో పోలిస్తే 300 కెల్విన్ దగ్గర రెండు వేలకు ఒకటి, 1000 కెల్విన్ దగ్గర పదికి ఒకటి. హాట్ బ్యాండ్‌లు, అంటే వేడికి బలపడే అదనపు గీతల గుంపులు, పుట్టేది ఆ అణువుల నుంచే. సెల్ మధ్యలో ఒకటి, రెండు చివర్లా చెరొకటి థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టు.

రిజల్యూషన్ (దగ్గర దగ్గర గీతల్ని విడదీసే శక్తి) 4 సెం.మీ.⁻¹ పెట్టి తృప్తి పడకు. ఒక్కో గీత వెడల్పు ఒకటికి లోపే ఉంటుంది, అవి కలిసిపోతే బీర్ నియమం (అణువుల సంఖ్యను బట్టి శోషణం పెరుగుతుందనేది) తప్పినట్టు కనిపిస్తుంది. వేడి సెల్ తానూ ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లుతుంది కాబట్టి, స్పెక్ట్రోమీటర్ లైటు సోర్స్‌కు అడ్డుపెట్టి ఒక స్కాన్ తీసి ఉంచు. పోల్చడానికి వేడి వాయువుల గీతల జాబితా హైటెంప్ వాడు. హిట్రాన్ అనే మరో జాబితా 296 కెల్విన్‌ను ఆధారం చేసుకున్నది, వేడి ఆవిరిలో కనిపించే బలహీన గీతలు చాలా అందులో ఉండవు.

మొదటి స్పెక్ట్రం గ్రాఫు కాకుండా ముడి డేటా పంపు. పక్కనే గది తేమ, పీడనం, మూడు థర్మోకపుళ్ల రీడింగులు రాసి పెట్టు. చూసి ఆ రోజే జవాబిస్తాను.

ఇట్లు,
పెదనాన్న
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం