పలాస జీడిపప్పు సైటుకి పీహెచ్‌పీయా, పైథానా, నోడా?

ప్రశ్న: మాస్టారూ, నేను శ్రీకాకుళంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. మాది పలాస. మా మామయ్యది జీడిపప్పు వ్యాపారం. గుండు, బద్ద, ముక్క రకాలవారీగా రేట్లు చూపించి ఆర్డర్లు తీసుకునే వెబ్‌సైట్ నేనే కట్టాలనుకుంటున్నాను. హెచ్‌టీఎంఎల్, కొంచెం జావాస్క్రిప్ట్ వచ్చు. కోచింగ్‌లో పైథాన్ అంటున్నారు, ఫ్రెండ్స్ జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపే నోడ్ అంటున్నారు, పీహెచ్‌పీ పని అయిపోయిందని ఒకాయన తేల్చేశారు. టెన్షన్‌గా ఉంది. ఏది నేర్చుకోమంటారు?

జవాబు: పీహెచ్‌పీతో మొదలుపెట్టమ్మా.

నీ సైటు చేయాల్సిన పనేమిటో చూడు. రేట్ల పట్టిక చూపించాలి, ఆర్డర్‌ని డేటాబేస్‌లో రాసుకోవాలి, మామయ్య లాగిన్ అయి పొద్దున్నే రేటు మార్చుకోగలగాలి. ఈ పని నువ్వు చెప్పిన మూడు భాషల్లో ఏదైనా చేస్తుంది. కాబట్టి ఏ భాష గొప్పదనేది వదిలేసి, సైటు ఎక్కడ నడుస్తుంది, నెలకి ఎంతవుతుంది, రాత్రి పదకొండింటికి ఆగిపోతే ఎవరు లేచి చూస్తారు అనేది ఆలోచించు. ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే, తక్కువ ఖర్చులో దొరికే షేర్డ్ హోస్టింగ్‌లో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ దాదాపు ఎప్పుడూ ముందే ఉంటాయి, ఫైళ్లు ఎక్కిస్తే పని మొదలు, సర్వర్ బాగోగులు హోస్టింగ్ వాళ్లే చూసుకుంటారు. ఎవరైనా పేజీ అడిగినప్పుడు పీహెచ్‌పీ ఆ పని చేసిపెట్టి ముగించేస్తుంది, అందుకే ఒక పేజీలో తప్పు దొర్లినా మిగతా పేజీలు నడుస్తూనే ఉంటాయి. నోడ్ అలా కాదు, ప్రోగ్రామ్ ఎప్పుడూ మెలకువగా ఉండాలి, పట్టించుకోని ఒక్క ఎర్రర్ చాలు మొత్తం ఆగిపోవడానికి. తిరిగి లేపడానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి, లైనక్స్ సర్వర్ కూడా మనమే చూసుకోవాలి.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. విజయనగరంలో మా బంధువుల బట్టల దుకాణానికి నోడ్‌లో సైటు కట్టి ఇచ్చి ఊరెళ్లాను. సర్వర్ రీస్టార్ట్ అయింది, ప్రోగ్రామ్ మళ్లీ లేవలేదు. సరిగ్గా సిరిమానోత్సవం ముందు, ఆర్డర్లు వచ్చే నాలుగు రోజులూ సైటు మూతబడింది. ఊళ్లో దాన్ని ముట్టుకోగలిగిన వాళ్లు ఒక్కరూ దొరకలేదు. ఆ నష్టం నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు. రేపు నీకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తే ఆ సైటు మామయ్య దగ్గరే ఉంటుంది కదా, అది గుర్తుపెట్టుకో.

పీహెచ్‌పీ పని అయిపోలేదు. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1995లో జనానికి ఇచ్చిన ఈ భాషలోనే వర్డ్‌ప్రెస్ ఉంది, మనం చదివే తెలుగు వికీపీడియాని నడిపించే మీడియావికీ ఉంది. చెడ్డపేరు రావడానికి మాత్రం కారణముంది. ఫారంలో వచ్చిన మాటని తిన్నగా డేటాబేస్‌కి పంపే ఎస్‌క్యూఎల్ ఆజ్ఞలో అతికించేసే కోడ్ ఏళ్ల తరబడి రాశారు, ఆ సందులోంచే దొంగలు దూరారు. పాత పాఠాల్లో అదింకా అలాగే ఉంది. ఏ పాఠంలోనైనా మైఎస్‌క్యూఎల్_క్వెరీ అనే పాత ఫంక్షన్ కనిపిస్తే అక్కడే మూసెయ్, 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7 లోనే దాన్ని తీసేశారు. డేటాబేస్‌తో మాట్లాడే పీడీఓ, ఫారంలో వచ్చిన మాటని ఆజ్ఞలో కలపకుండా విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు నేర్చుకో. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు కాక, తిరిగి చదవలేని రూపంలోకి మార్చే పాస్‌వర్డ్_హ్యాష్‌తోనే దాచు. లారవెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ జోలికి తర్వాత వెళ్దువుగాని, ముందు ఒక ఫారం, ఒక లాగిన్ నీ చేత్తో రాయి.

ఇంకో మాట, ఏ భాషైనా సరే. మొత్తం సొమ్ము లెక్క సర్వర్‌లోనే, డేటాబేస్‌లో ఉన్న రేటుతోనే కట్టాలి. బ్రౌజర్ పంపిన రేటు నమ్మితే ఎవరో కిలో గుండు రూపాయికి ఆర్డర్ పెడతారు. చెల్లింపులు మొదట్లో వద్దు, ఆర్డర్ రాగానే మామయ్య ఫోన్ చేసి ఖాయం చేసుకుంటే చాలు.

డిగ్రీ తర్వాత డేటా పనుల వైపు వెళ్లాలనుంటే మాత్రం పైథాన్ తీసుకో, తప్పు లేదు. పైథాన్‌లో సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగో, 2005లో బయటికొచ్చింది, అమెరికాలో కాన్సస్‌లోని ఒక పత్రిక ఆఫీసులో పుట్టింది, రేట్లు మార్చుకునే అడ్మిన్ పేజీ అందులో రెడీగా వస్తుంది, అది నిజంగా మంచి సదుపాయం. చాటింగ్, వేలంపాట లాంటి క్షణక్షణం మారే పనికైతే నోడ్ నప్పుతుంది.

ప్రశ్న: బొబ్బిలి నుంచి రాస్తున్నాను. నా పీహెచ్‌పీ సైటులో తెలుగు వార్త మొదటి 100 అక్షరాలు చూపించమంటే నలభై లోపే ఆగిపోయి చివర ప్రశ్నార్థకం గుర్తు వస్తోంది. భాష మార్చాలా?

జవాబు: మార్చనక్కర్లేదండీ. అక్షరాలని కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి, మీరు వాడిన, ముక్క కోసే సబ్‌స్టర్ ఫంక్షన్ బైట్లు లెక్కపెడుతోంది. ‘తెలుగు’ అనే మాట పొడవు అడిగితే బైట్లు లెక్కపెట్టే స్టర్‌లెన్ 18 అంటుంది, గుర్తులు లెక్కపెట్టే ఎంబీ_స్టర్‌లెన్ 6 అంటుంది. ఎంబీ_సబ్‌స్టర్ పెడితే ఆ ప్రశ్నార్థకం పోతుంది. కానీ ఐదో గుర్తు దగ్గర కోస్తే ‘తెలుగ’ అని మిగులుతుంది, కొమ్ము ఊడిపోయి. గుణింతం చెదరకుండా ఉండాలంటే పీహెచ్‌పీకి అదనంగా తగిలించుకునే intl ఎక్స్‌టెన్షన్‌లోని గ్రాఫీమ్_సబ్‌స్టర్ వాడండి. దాని లెక్కలో ‘తెలుగు’ మూడు అక్షరాలే, మనం బడిలో లెక్కపెట్టినట్టు.