వేడి ఆవిర్లు: ‘సహజం’ అన్న క్యాప్సూల్స్ వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 49. ఏడాదిగా నెలసరి క్రమం తప్పింది, గత ఐదు నెలలుగా అసలు రాలేదు. రోజుకు ఏడెనిమిది సార్లు ఛాతీ నుంచి ముఖం దాకా వేడి ఆవిర్లు వస్తున్నాయి. రాత్రి చెమటకు దిండు తడిసి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు. చిన్న మాటకే కోపం, ఆ వెంటనే ఏడుపు. కలయిక సమయంలో మంటగా ఉంటోంది. బీపీకి మాత్ర వాడుతున్నాను. హార్మోన్ మాత్రలతో క్యాన్సర్ వస్తుందని విన్నాను, అందుకే భయం. స్నేహితురాలు ‘పూర్తిగా సహజం, దుష్ప్రభావాలు లేవు’ అని రాసి ఉన్న మూలికా క్యాప్సూల్స్ ఇచ్చింది. వాడవచ్చా? మందులు లేకుండా తగ్గించుకునే మార్గాలు చెప్పగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ క్యాప్సూల్స్ ఇప్పుడే మొదలుపెట్టకండి. మీ స్నేహితురాలు మీ మీద ప్రేమతోనే ఇచ్చి ఉంటారు. కానీ ఒకసారి డబ్బా తిప్పి వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. ఇలాంటి చాలా డబ్బాల మీద ‘మూలికల మిశ్రమం’ అని మొత్తం బరువు వేస్తారే గాని, అందులో ఏ మూలిక ఎంత ఉందో రాయరు. మీరు బీపీ మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మూలికా మిశ్రమాల్లో తరచూ కలిపే అతిమధురం ఎక్కువైతే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. సెయింట్ జాన్స్ వార్ట్ అనే మొక్క సారం కొన్ని రకాల బీపీ మాత్రలతో సహా చాలా మందులను శరీరం త్వరత్వరగా బయటికి పంపేలా చేస్తుంది. మెనోపాజ్ (నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం) పేరు చెప్పి ఎక్కువగా అమ్మే బ్లాక్ కోహోష్ వాడినవారిలో అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన అది ఒంటికి హాని చేయదని కాదు.

ఇవి వాడి తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వేడి ఆవిర్ల మీద జరిగిన ప్రయోగాల్లో, మందు లేని ఉత్తి మాత్ర మింగినవాళ్లలో కూడా ఆవిర్లు బాగా తగ్గడం పదేపదే కనిపించింది. అందుకే పక్కవారి అనుభవం ఒక్కటే చూసి ఏ మందు పనిచేస్తుందో తేల్చలేం.

ఇంతకీ మీ ఒంట్లో ఏం జరుగుతోంది? శరీరంలో వేడి హెచ్చుతగ్గులను మెదడులోని హైపోథాలమస్ కనిపెట్టి ఉంటుంది. మామూలు రోజుల్లో ఒళ్లు కాస్త వెచ్చబడినా అది పట్టించుకోదు. ఈ వయసులో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గినకొద్దీ దాని సహనం కూడా తగ్గిపోతుంది. దుప్పటి కప్పుకున్నంత మాత్రాన పెరిగే కొద్దిపాటి వేడికే, ఒళ్లు కాగిపోతున్నట్టు చర్మంలోని రక్తనాళాలను విప్పి చెమట పట్టిస్తుంది. అదే ఆవిరి. మామూలుగా ఒకటి నుంచి ఐదు నిమిషాలు ఉంటుంది. ఇది మీ బలహీనత కాదు, ఊహ అంతకంటే కాదు.

మందులు లేని మార్గాల్లో గట్టి ఆధారం ఉన్నది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి, అంటే ఆలోచనల తీరును, వాటికి స్పందించే తీరును మార్చుకోవడం నేర్పే చికిత్సకు. పేరు పెద్దది, పని మాత్రం సూటిగా ఉంటుంది. నా దగ్గరకు వచ్చిన ఒక ఉపాధ్యాయినికి బోర్డు మీద రాస్తుండగా ఆవిరి వస్తే సుద్దముక్క పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయేది. ‘పిల్లలంతా నన్నే చూస్తున్నారు’ అనే ఆలోచన రాగానే గుండెదడ మొదలై, చెమట ఇంకా ఎక్కువయ్యేది. థెరపీలో ఆమె నేర్చుకున్నది ఒక్కటే. ఆవిరి రాగానే భుజాలు వదులుచేసి, పొట్ట నిండా నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతూ, ‘ఇది రెండు మూడు నిమిషాల్లో పోతుంది’ అని తనకు తాను చెప్పుకొని రాయడం కొనసాగించడం. ఆవిర్ల సంఖ్య పెద్దగా తగ్గలేదు. వాటి వల్ల పడే బాధ మాత్రం సగానికి సగం తగ్గిందని ఆమే చెప్పింది. ఈ పద్ధతి వల్ల జరిగే మేలు సరిగ్గా ఇదే. నిద్రకు, చిరాకుకు కూడా ఇది పనికొస్తుంది. శిక్షణ పొందిన నిపుణులు చేసే క్లినికల్ హిప్నాసిస్ (వశీకరణ చికిత్స), అధిక బరువు ఉన్నవారు బరువు తగ్గడం కూడా వేడి ఆవిర్లను తగ్గిస్తాయి.

యోగా, వ్యాయామం, సోయా, ఆక్యుపంక్చర్ సంగతేమిటని అడుగుతారు. ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో హార్మోన్లు లేని చికిత్సలపై ఇచ్చిన మార్గదర్శకాల్లో వేడి ఆవిర్ల కోసం వీటిలో దేన్నీ సిఫారసు చేయలేదు. సోయాలో ఉండే, ఈస్ట్రోజెన్‌ను కొంత పోలిన ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలపై ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఆహారంగా ఇష్టమైతే తినండి, మందుగా మాత్రం ఆశ పెట్టుకోకండి. వ్యాయామం విషయంలో నా మాట వేరు. ఆవిర్లు తగ్గకపోయినా అది మీకు కావాలి. మెనోపాజ్ తర్వాత మొదటి కొన్నేళ్లలో ఎముకల సాంద్రత వేగంగా పడిపోతుంది, గుండెకు ముప్పు పెరుగుతుంది, మీకు బీపీ కూడా ఉంది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవండి, రెండు రోజులు బరువులతో కండరాలకు పని చెప్పండి. క్యాల్షియం ఆహారం నుంచే అందేలా చూసుకోండి. 50 దాటాక రోజుకు 1,200 మిల్లీగ్రాములు అవసరం. పొగతాగే అలవాటు ఉంటే మానేయండి.

పడకగది చల్లగా ఉంచుకోవడం, ఒక మందపాటి దుప్పటికి బదులు రెండు పలుచనివి కప్పుకోవడం, దిండు పక్కన పొడి వస్త్రం, నీళ్లు పెట్టుకోవడం జబ్బును మార్చవు. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చినప్పుడు లేచి దీపం వేసి వెతుక్కునే పని మాత్రం తప్పుతుంది. కాఫీ, మద్యం, కారం మీకు పడుతున్నాయో లేదో మీరే గమనించుకోండి. పడకపోతేనే తగ్గించండి.

కలయికలో మంట గురించి రాసినందుకు సంతోషం. చాలామంది ఇది చెప్పకుండానే ఏళ్లు గడిపేస్తారు. వేడి ఆవిర్లు కాలంతో తగ్గవచ్చు గాని, యోనిలో పొడిదనం దానంతటది పోదు, వదిలేస్తే పెరుగుతుంది. వారానికి రెండు మూడు సార్లు వాడే మాయిశ్చరైజర్లు, కలయిక సమయంలో లూబ్రికెంట్లు హార్మోన్లు లేకుండానే దొరుకుతాయి. సువాసన సబ్బులతో లోపల కడగవద్దు. వీటితో తగ్గకపోతే అక్కడే వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ ఉంది. రక్తంలోకి చేరేది చాలా స్వల్పం.

ఇక మీ భయం. అది ఎక్కువగా 2002 నాటి ఒక వార్త నుంచి వచ్చింది. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (మరో రకం హార్మోన్) కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ కొద్దిగా పెరిగిందని తేలింది. ఏడాదికి 10,000 మందిలో అదనంగా 8 కేసులు. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. అరవై ఏళ్లలోపు, మెనోపాజ్ వచ్చి పదేళ్లు దాటకుండా మొదలుపెట్టే ఆరోగ్యవంతుల్లో సాధారణంగా లాభమే ఎక్కువని ఇప్పటి అవగాహన. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారికి మాత్రం సాధారణంగా ఇవ్వరు. మీరు తప్పక వాడాలని అనడం లేదు. ఎవరో చెప్పింది విని ఆ తలుపు మూసేసుకోవద్దని మాత్రమే అంటున్నాను. హార్మోన్లు వద్దనుకునేవారికి వేరే మందులూ ఉన్నాయి.

ఇంకో సంగతి, ఐదు నెలలు రాకపోతే మెనోపాజ్ అయిపోయినట్టు కాదు. వరుసగా పన్నెండు నెలలు గడవాలి. గర్భం వచ్చే అవకాశం ఇంకా ఉంది కాబట్టి ఒకసారి పరీక్ష చేయించుకోండి, జాగ్రత్తలు మానకండి. చెమటలు, దడ, నిద్రలేమి థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి, ఆ రక్తపరీక్ష కూడా తప్పనిసరి. పన్నెండు నెలల తర్వాత చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టును కలవండి. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోయినా, బతకాలనిపించకపోయినా అదే రోజు వైద్యుల దగ్గరకు వెళ్లండి.

వెళ్లేముందు రెండు వారాల పాటు ఒక చిన్న పుస్తకంలో ఆవిరి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, రాత్రి ఎన్నిసార్లు లేచారు రాసుకోండి. ఆ పుస్తకం, మీ బీపీ మాత్రల చీటీ, స్నేహితురాలు ఇచ్చిన డబ్బా మూడూ వెంట తీసుకెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టండి.