‘రాముడు కు 1 బిల్లులు వచ్చాయి’

సందేహం: మా అపార్ట్‌మెంట్ సంఘం లెక్కల కోసం సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. తెర మీదా, ఫైల్లోనూ ‘రాముడు కు 1 బిల్లులు వచ్చాయి’, ‘రవి కు 2 బిల్లులు వచ్చాయి’ అని పడుతోంది. తప్పు ఎక్కడుంది? అలాగే ‘ప్రింట్ చెయ్యి’ని తెలుగులో ‘ముద్రించు’ అనవచ్చా?

సమాధానం: తప్పల్లా మీరు వాక్యాన్ని కోసిన చోట ఉంది. సీలో వాక్యాన్ని బయటికి పంపే ఆదేశం ప్రింట్ఎఫ్ (printf). అందులో పర్సెంట్ ఎస్ (%s) అని పెడితే అక్కడ ఖాళీ వదిలినట్టు. పేరు తర్వాత వచ్చి అందులో కూర్చుంటుంది. ఇంగ్లీషులో పేరుకు ముందు ‘టు’ పెడితే సరిపోతుంది, పేరు కదలదు. మన విభక్తి అలా కాదు. పేరు వెనక అతుక్కుంటుంది, అతుక్కుంటూ తనూ మారుతుంది, ఒక్కోసారి పేరునూ మారుస్తుంది. సీతకు అంటాం కానీ రవికి అంటాం; ఇకారం తర్వాత ‘కు’ కాస్తా ‘కి’ అవుతుంది. (సీతకి అనేవాళ్లూ ఉన్నారు, దాంతో నాకు పేచీ లేదు.) రాముడి దగ్గర ఇంకో మెలిక: ముందు ‘రాముడు’ ‘రాముడి’ కావాలి, ఆ తర్వాతే ‘కి’. ఇవన్నీ ప్రోగ్రాంకు నేర్పాలంటే సగం వ్యాకరణం రాయాలి.

అంత టెన్షన్ అక్కర్లేదు. ఖాళీ పక్కన ‘గారికి’ అని పెట్టండి. రవి గారికి, సీత గారికి, రాముడు గారికి. విభక్తి బరువంతా ‘గారు’ మోస్తుంది, పేరు చెక్కుచెదరదు. ‘రాముడు అనే సభ్యుడికి’ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది కానీ కోర్టు కాగితంలా ఉంటుంది.

ఇక అంకె. ఒకటైతే ‘బిల్లు వచ్చింది’, ఎక్కువైతే ‘బిల్లులు వచ్చాయి’. నామం, క్రియ రెండూ మారతాయి కాబట్టి రెండు పూర్తి వాక్యాలు రాసుకుని, అంకెను బట్టి ఒకటి ఎంచుకోమనండి. ‘లు’ను విడిగా అతికించే తెలివితేటలు మాత్రం వద్దు. బిల్లుకు బిల్లులు సరే. ఫైలుకు ఫైళ్లు, సంతకానికి సంతకాలు. సున్నాకు మూడో వాక్యం కూడా కావాలి. ‘0 బిల్లులు వచ్చాయి’ అని మనవాళ్లెవరూ అనరు, ‘బిల్లులేవీ రాలేదు’ అంటారు.

‘ముద్రించు’ సంగతి. సీ భాష పుట్టిన 1970ల తొలినాళ్లలో, అది పుట్టిన అమెరికా పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో కంప్యూటర్ జవాబు చాలావరకు టెలిటైప్ అనే టైపు యంత్రం మీద, కాగితం చుట్ట పైన నిజంగానే అచ్చు పడేది. ‘ప్రింట్’ అనే మాట ఆ కాగితం రోజులది. కాగితం పోయి తెర వచ్చినా మాట మిగిలిపోయింది. ఆ చరిత్ర మన ‘ముద్రించు’కు లేదు, అది వినగానే మనకు అచ్చాఫీసే గుర్తొస్తుంది. తెర మీదైతే ‘చూపించు’, ఫైల్లోకైతే ‘రాయి’ అనండి. నలుగురు ప్రోగ్రామర్లు కూర్చున్న చోట మాత్రం ‘ప్రింట్ చెయ్యి’ అనే అనండి, నేనూ అదే అంటాను.