ఎమ్మెల్యే ఎన్నికల ఖర్చు లెక్క ఎక్కడ దొరుకుతది?
అన్నా, వరంగల్ పశ్చిమ ఎమ్మెల్యే 2023 ఎన్నికల ఖర్చు ఎక్కడ తెలుస్తదని అడిగిన్రు కదా. ఆ నియోజకవర్గం హనుమకొండ జిల్లా కిందికొస్తది, కాబట్టి అక్కడి కలెక్టరేట్‌లో ఎన్నికల విభాగానికి పోండి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ లెక్క అప్పజెప్పాలె. పరిమితి 40 లక్షలు. రుసుము కడితే ఎవరైనా చూడొచ్చు, నకలూ తీసుకోవచ్చు. ఎందుకని అడిగితే జంకకండి, అది మన హక్కు.

మొత్తం అంకె చూసి ఊరుకోవద్దు. సభలకు, బండ్లకు ఎంత చూపిన్రు, పార్టీ ఎంతిచ్చింది, విరాళాలు ఎవరివి, అసలు సంగతి అక్కడుంటది. స్టార్ క్యాంపెయినర్ల (ప్రచారానికి పార్టీ పేర్లిచ్చిన ముఖ్య నేతల) ప్రయాణ ఖర్చు మాత్రం అభ్యర్థి లెక్కలో పడదు. ఈ వెసులుబాటు నాకైతే అన్యాయమనిపిస్తది.

అభ్యర్థి ఆస్తులు, కేసులు ఫారం 26 అఫిడవిట్‌లో (నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణ పత్రంలో) ఉంటయి, ఎన్నికల సంఘం సైట్‌లో దొరుకుతది. ఎమ్మెల్యే సభలో ఏం మాట్లాడిన్రో శాసనసభ చర్చల రికార్డులో వెతకండి.