వంకర శాలువా అల్లేముందు

కావలి

చి.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన క్రోషే శాలువా ఫోటో చూశాను. ఒక మూల సన్నగా తోకలా సాగిపోయి, ఇంకో పక్క వెడల్పుగా, రెండు వైపులకీ పొంతన లేకుండా ఉండే మూడు మూలల రకం అది. "ఇది నా వల్ల అవుతుందా పెద్దమ్మా" అన్నావు. ఎందుకవదు? గుమ్మం తోరణం, టేబుల్ మీది గుండ్రటి మ్యాట్, నీళ్ళ సీసా సంచీ అల్లావంటే చైను, సింగిల్, డబుల్ కుట్లు మూడూ నీ చేతికొచ్చినట్టే. దీనికి అంతకుమించి కొత్త కుట్టు ఒక్కటీ అక్కర్లేదు. నన్నడిగితే నలుచదరం శాలువా కన్నా ఇదే సులువు. నలుచదరానికి వెడల్పు ముందే తేల్చుకుని, వందకు పైగా చైన్లు లెక్కపెట్టి, అవి మెలి పడకుండా మొదటి వరస వేసేసరికి ప్రాణం విసుగెత్తుతుంది. ఆఖర్లో దారం చాలకపోతే గోవిందా. ఇది మూడు కుట్లతో ఒక మూల మొదలవుతుంది. ఎక్కడ ఆపితే అక్కడికి అదే శాలువా.

కాకపోతే ఒకటుంది. ఒక అంచు వరస వరసకీ పెరగాలి, రెండో అంచు అంగుళం కూడా పక్కకి జరగకూడదు. జరగకూడని ఆ అంచు దగ్గరే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. ఈ ఉత్తరంలో ఏది మర్చిపోయినా ఆ అంచుని మాత్రం మర్చిపోబాక.

దారం సంగతి ముందు తేల్చుకో. మన ఎండలకి శాలువా ఏందని మీ అమ్మ నవ్వుతుంది, నవ్వనీ. చెన్నై పోయే రైల్లో ఏసీ బోగీ ఎక్కినా, నీ ఆఫీసులో ఏసీ కింద కూర్చున్నా ఆమే అడిగి కప్పుకుంటుంది. అయితే ఉలెన్ దారం మాత్రం వద్దు. మన అంగళ్ళలో ఉలెన్ పేరుతో అమ్మేది చాలావరకు యాక్రిలిక్. చెమటకి ఒంటికి అతుక్కుంటుంది, అల్లేటప్పుడు కొక్కెం సూది మీద కిరకిరలాడుతుంది. కాటన్ తీసుకో, దారం లావు 8 ప్లై అని లేబుల్ మీద ఉండేది. మిల్క్ కాటన్ మెత్తగా బాగానే ఉంటుంది గానీ పోగులు విడిపోతాయి. సూది మొన పోగుల మధ్యలో దూరి కుట్టు సగం దారంతోనే పడుతుంది. వెలుతురు చాలని చోట అది కనపడదు కూడా.

లేసు దారంతో సన్నగా అల్లుకుంటానని రాశావు. నరసాపురం లేసు చూసి ముచ్చటపడి ఉంటావు. దానికి 2024లో జీఐ, అంటే ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది, ఆ పనితనానికి అది న్యాయమే. కానీ చిన్నప్పటి నుంచి చెయ్యి తిరిగినవాళ్ళ పని అది. ఆ దారంతో ఒంటినిండా కప్పుకునే శాలువా మొదలుపెడితే నీకు సంక్రాంతి పోయి మళ్ళీ సంక్రాంతి వస్తుంది. 8 ప్లై, 4 మిల్లీమీటర్ల సూది చాలు. నీ చెయ్యి బిగువు, నాకు తెలుసు. కాబట్టి 4.5 సూది కూడా కొనిపెట్టుకో. కాటన్‌ని బిగించి అల్లితే శాలువా ఒంటి మీద జారదు, అట్టముక్కలా నిలబడుతుంది.

నెల్లూరు వెళ్ళినప్పుడు చిన్నబజారులో లేసులు, గుండీలు అమ్మే అంగళ్ళలో చూడు. ఒంగోల్లోనే దొరికితే మరీ మంచిది. మూడు వందల యాభై, నాలుగు వందల గ్రాములు ఒకేసారి కొను. ప్రతి ఉండ లేబుల్ మీదా లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే అంకె, ఉంటుంది, అన్నీ ఒకటేనా అని చూడు. అంగట్లో లైటు కింద ఒకటే రంగులా కనపడేవి ఇంటికొచ్చి ఎండలో పెడితే వేరుగా తేలతాయి. ఒకే లాట్ దొరక్కపోతే మారే చోట రెండు వరసలు పాత ఉండతో, రెండు వరసలు కొత్త ఉండతో మార్చి మార్చి అల్లు. తేడా కలిసిపోతుంది.

రంగుల గురించి ఒక లెక్క చెప్తాను, ఇది చాలామంది ఆలోచించరు. ఈ శాలువాలో ప్రతి వరసా ముందు వరసకన్నా పొడుగు. అంటే పోను పోను దారం ఎక్కువ తింటుంది. 120 వరసల శాలువా అనుకుంటే, 85వ వరస దగ్గరికి వచ్చేసరికి సగం దారమే అయినట్టు. మిగతా సగాన్ని చివరి 35 వరసలే మింగుతాయి. మూడు రంగులు సమానంగా కొని వరసగా అల్లితే మొదటి రంగు సుమారు 69వ వరస దాకా లాగుతుంది, రెండోది 98 దాకా, మూడోది చివరి 22 వరసలకే సరి. చారలు సన్నబడుతూ పోవడం ఒక అందమే, అది కావాలంటే అట్నే కానీ. మూడు చారలూ నలభయ్యేసి వరసలు రావాలంటే మాత్రం దారం దాదాపు 1, 3, 5 పాళ్ళలో కొనాలి. ఏది చేసినా చుట్టూ అంచుకి నలభై గ్రాములు ముందే తీసి పక్కన పెట్టెయ్. వంటింట్లో కాటా ఉంటే దారం ఉండని అప్పుడప్పుడూ తూచుకుంటూ ఉండు. ఎంత అల్లొచ్చో కంటితో చూసి చెప్పడం కష్టం.

ఇక అల్లకం. సూది మీద ఒకసారి దారం చుట్టుకుని గుచ్చేదాన్నే నేను డబుల్ అంటున్నాను, చుట్టకుండా గుచ్చేది సింగిల్. అమెరికా వీడియోల్లోనూ అదే పేరు. ఇంగ్లండ్ పద్ధతి పుస్తకాల్లో దాన్ని ట్రెబుల్ అని రాస్తారు, వాళ్ళ డబుల్ మన సింగిల్. రెండూ కలిపి చదివి టెన్షన్ పడబాక.

నాలుగు చైన్లు వెయ్యి. మొట్టమొదట వేసిన చైన్‌లో, అంటే సూది నుంచి నాలుగోదాంట్లో, రెండు డబుళ్ళు వెయ్యి. వదిలేసిన మూడు చైన్లు ఒక డబుల్ కింద లెక్క. మొత్తం మూడు కుట్లు, మొదటి వరస అయిపోయింది. ఇప్పుడు ఆ వరస ముగిసిన అంచుకి ఒక పిన్నీసు పెట్టు. అది పెరిగే అంచు. పిన్నీసుని నాలుగైదు వరసలకోసారి పైకి జరుపుకుంటూ పో, ఎప్పటికీ ఆ పక్కనే ఉండాలి.

పని తిప్పు. రెండో వరస పిన్నీసు పక్క నుంచి మొదలవుతుంది. మూడు చైన్లు వేసి, వాటి మొదట్లోనే, అదే కుట్టులో ఇంకో డబుల్ వెయ్యి. పెరుగుదల పడింది. తర్వాత కుట్టుకొకటి వేసుకుంటూ చివరిదాకా పో. నాలుగు కుట్లు రావాలి. మళ్ళీ తిప్పు. మూడో వరస పిన్నీసు లేని పక్క మొదలవుతుంది కాబట్టి మూడు చైన్లు మాత్రమే, అదే కుట్టులో రెండోది వద్దు, పక్క కుట్టుకి వెళ్ళిపో. వరస చివర పిన్నీసు పక్కకి వచ్చాక ఆఖరి కుట్టులో రెండు డబుళ్ళు. ఐదు. అక్కడి నుంచి ఈ రెండు వరసలే మళ్ళీ మళ్ళీ: సరి వరస మొదట్లో పెరుగుతుంది, బేసి వరస చివర్లో పెరుగుతుంది. పిన్నీసున్న చోట రెండు, లేని చోట ఒకటి.

ఇప్పుడు ఆ కదలని అంచు దగ్గరికి వద్దాం. వరస చివర మిగిలేది మామూలు కుట్టు కాదు, కింది వరస మొదట్లో నువ్వు వేసిన మూడు చైన్లు. దానికి మిగతా కుట్లకున్నట్టు పైన జడ స్పష్టంగా ఉండదు. సన్నగా, కాస్త వెనక్కి ఒరిగి, పక్క కుట్టు చాటున దాక్కుంటుంది. అది కుట్టే కాదనుకుని వదిలేసి తిప్పేస్తారు. ఒక్కసారి వదిలేస్తే తెలీదు. సరి వరసలన్నిట్లో వదిలేస్తూ పోతే నిలువుగా ఉండాల్సిన అంచు లోపలికి ఏటవాలుగా వెళ్ళిపోతుంది, నలభయ్యో వరస దగ్గర పరిచి చూసుకుంటే గుండె జారుతుంది. అందుకని వరస చివరికి రాగానే ఎడమచేతి బొటనవేలితో ఆ చైన్లని కొంచెం నీ వైపు తిప్పు. పైనుంచి చూస్తే మూడో చైను రెండు పోగులుగా కనపడుతుంది. ఆ రెండు పోగుల కిందికీ సూది పోవాలి. ఒక పోగు కిందికే పోతే అంచులో బెజ్జాలు పడతాయి. మూడు చైన్లు వేసిన చోట అంచు వదులుగా ఉబ్బినట్టుంటే రెండే వెయ్యి, తప్పేం లేదు. అప్పుడు ఆఖరి కుట్టు రెండో చైన్‌లో పడుతుంది. మొదలుపెట్టింది మాత్రం చివరిదాకా మార్చబాక.

ప్రతి వరసా లెక్కపెట్టాల్సిన పనిలేదు. వరస అంకెకి రెండు కలిపితే కుట్ల లెక్క. పదో వరసలో 12, ఇరవయ్యో వరసలో 22, నూరో వరసలో 102. పదికోసారి చూసుకుంటే చాలు. తక్కువొచ్చిందంటే కదలని అంచులో మూడు చైన్ల కుట్టు వదిలావు, లేదా పిన్నీసు పక్కన రెండోది మర్చిపోయావు. ఎక్కువొస్తే కదలని అంచులో కూడా రెండు వేసుంటావు. తప్పు ఐదు వరసల కింద ఉంటే మొహమాటపడకుండా విప్పు. కాటన్ విప్పితే ఏమీ కాదు. పెరిగే పక్క ఒక కుట్టు తేడా అయితే పైవరసలో సర్దేసి పో, కప్పుకున్నాక ఎవరూ వచ్చి లెక్కపెట్టరు. కదలని అంచులో తప్పుకి మాత్రం సర్దుబాటు లేదు, విప్పాల్సిందే.

మొత్తం డబుళ్ళే అయితే విసుగు పుడుతుంది. కాబట్టి 15వ వరస నుంచి ఆరు వరసలకొకటి జాలీ, అంటే బెజ్జాల వరస, వెయ్యి: 15, 21, 27, అట్లా. ఎప్పుడూ బేసి వరసలోనే పెట్టు, ఎందుకంటే అప్పుడే లెక్క కుదురుతుంది. నాలుగు చైన్లు వేసి, ఒక కుట్టు వదిలి, తర్వాతి దాంట్లో డబుల్, ఒక చైను, ఒకటి వదులు, డబుల్. ఇట్లా పోతే చివర సరిగ్గా ఒక్క కుట్టు మిగులుతుంది, అందులో రెండు డబుళ్ళు. చైన్లు కూడా కుట్లుగానే లెక్క. పైవరసలో జాలీ సందులోకి సూది గుచ్చి డబుల్ వేస్తే చాలు, చైను పోగుల్ని వెతుక్కోబాక. ఆ పైవరస ఆఖర్న, ఆ నాలుగు చైన్లలో మూడోదాంట్లో వెయ్యి, నాలుగోదాంట్లో కాదు. ఇంతకన్నా పెద్ద బెజ్జాల డిజైను పెట్టబాక. గాజులు, గొలుసు కొక్కేలు తగులుకుని దారం లాగేస్తాయి.

కొలత నీ చేతిని బట్టి ఉంటుంది. పది సెంటీమీటర్లకి పదహారు డబుళ్ళు, ఎనిమిదో తొమ్మిదో వరసలు వస్తూ ఉంటే 120 వరసలకి పొడవు నాలుగున్నర అడుగులు, ఆఖరి వరస రెండున్నర అడుగులు, ఏటవాలు అంచు ఐదడుగులకి కాస్త పైన వస్తుంది. ఆ ఏటవాలు అంచుని మెడ వెనక పెట్టుకుని కప్పుకుంటే మూల నడివీపున కాకుండా ఒక భుజం వైపు పడుతుంది. పొడుగు కొనని ఎడం భుజం మీంచి వెనక్కి వేసుకో. ఇంట్లో ఉన్న సాదా వెంకటగిరి కాటన్ చీర మీదికి కూడా బాగుంటుంది. బుటాలు నిండుగా ఉన్న చీర మీదికి వద్దు, రెండూ చెడతాయి.

వేసవిలో అల్లితే అరచేతుల చెమటకి దారం నల్లబడుతుంది, లేత రంగైతే మరీ. పొద్దున్నే అల్లుకో, చేతులు కడుక్కుని తుడుచుకుని కూర్చో. పక్కనే కాఫీ పెట్టుకోబాక.

అల్లకం అయ్యాక చుట్టూ ఒక సింగిల్ వరస. నిలువు అంచు, ఏటవాలు అంచు రెండిట్లోనూ డబుల్ వరస పక్కకి రెండు సింగిళ్ళు, కొనల దగ్గర ఒకే చోట మూడు. అంచు అలలు తిరిగితే ఎక్కువయ్యాయి, లోపలికి ముడుచుకుంటే తక్కువయ్యాయి. అడుగు దూరం వేసి, నేల మీద పరిచి చూసుకుని అప్పుడు ముందుకు పో. దారం కొసల్ని ముడేసి కత్తిరించబాక. మొద్దు సూదితో ఒక వైపు పోనిచ్చి, తిప్పి మళ్ళీ వెనక్కి పోనిస్తే ఊడిరాదు.

చివరిగా తడపడం. దీన్ని ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ, తర్వాత మూల ముడుచుకుపోయిందని వాపోయేదీ వాళ్ళే. చన్నీళ్ళలో తడిపి, పిండకుండా తువ్వాల్లో చుట్టి అదిమి, పాత దుప్పటి మీద పరిచి మూలలు లాగి సర్దు. మామూలు గుండుసూదులు గుచ్చితే మన ఉప్పుగాలికి ఒక్క రాత్రికే తుప్పు మరక పడుతుంది, స్టీలువి అయితేనే గుచ్చు. తీగ మీద ఆరేస్తే తడి బరువుకి కాటన్ సాగి, నాలుగున్నర అడుగులది ఇంకా పొడుగవుతుంది. ఆరాక కూడా కొక్కేనికి తగిలించకుండా మడిచి పెట్టు. అక్టోబరు, నవంబరు ముసురులో తడపబాక, రెండ్రోజులైనా ఆరదు, ముక్కిన వాసన పడుతుంది.

పదో వరస అయ్యాక ఫోటో పంపు. ఒళ్ళో పెట్టుకుని కాదు, నేల మీద పరిచి, పిన్నీసు లేని అంచు పక్కన స్కేలు పెట్టి తియ్యి. స్కేలు వెంబడి అంచు ఉందంటే ఇంక నన్నడగక్కర్లేదు, అల్లుకుంటూ పో.

మీ పెద్దమ్మ