అమ్మాయి హాస్పిటల్ చాప్లిన్ అవుతానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయిది డిగ్రీ చివరి సంవత్సరం. అమెరికాలో థియాలజీ చదివి హాస్పిటల్ చాప్లిన్ అవుతానంటోంది. మా సంఘంలో ఆడవాళ్లెవరూ పాస్టర్లుగా లేరు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

అమ్మా, చాప్లిన్ అంటే వార్డుల్లో తిరిగి వాక్యం చెప్పే మనిషని మీరు అనుకుంటున్నట్టున్నారు. కాదు. ఆపరేషన్‌కు ముందు రాత్రి నిద్రపట్టని రోగి పక్కన కూర్చోవడం, వెంటిలేటర్ తీసేయాలా వద్దా అని తేల్చుకోలేక ఐసీయూ బయట నిలబడ్డ కుటుంబానికి తోడుగా ఉండటం, అర్ధరాత్రి ఫోన్ వస్తే లేచి వెళ్లడం, అదీ ఆ పని. రోగిది ఏ మతమైనా, అసలు మతమే లేకపోయినా సరే. తన నమ్మకాన్ని వాళ్ల మీద రుద్దకూడదు, అది ఈ వృత్తిలో గట్టి నియమం.

ఇక ఆడపిల్లకు చోటుంటుందా అనేది మీ భయం కదా. అమెరికాలో ఆంటోనెట్ బ్రౌన్ అనే ఆమె 1850లో ఓబర్లిన్ కాలేజీలో థియాలజీ కోర్సు పూర్తిచేస్తే, ఆడమనిషని డిగ్రీ ఇవ్వలేదు. ఆమె ఆగిపోలేదు, 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న సంఘం ఆమెను పాస్టర్‌గా అభిషేకించింది. తర్వాత 1925లో, తానే ఒకప్పుడు మానసిక రోగిగా ఉండి కోలుకున్న ఆంటన్ బోయిసెన్ అనే పాస్టర్ అమెరికాలోని వుస్టర్ మానసిక ఆసుపత్రిలో థియాలజీ విద్యార్థులకు రోగుల మధ్యే శిక్షణ మొదలుపెట్టాడు. ఆ తొలి వేసవి బ్యాచ్‌లోనే హెలెన్ ఫ్లాండర్స్ డన్‌బార్ ఉంది. తర్వాత ఆమె డాక్టర్ కూడా అయింది. అంటే ఈ శిక్షణలో ఆడవాళ్లు మొదటి రోజు నుంచీ ఉన్నారు, మీ అమ్మాయి కొత్తగా తలుపు తట్టక్కర్లేదు.

ఆ శిక్షణనే ఇప్పుడు సీపీఈ (క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్) అంటారు. ఒక్కో యూనిట్ కనీసం 400 గంటలు, బోర్డు సర్టిఫికేషన్‌కు, అంటే చాప్లిన్‌గా వృత్తి సంస్థ ఇచ్చే గుర్తింపుకు, అలాంటివి నాలుగు కావాలి, పైగా థియాలజీలో మాస్టర్స్. డబ్బు కోసం ఎంచుకునే దారి కాదు, కానీ జీతమున్న నిజమైన ఉద్యోగమే. పెద్ద హాస్పిటళ్లలో, చివరి దశ రోగులను చూసే హాస్పిస్‌లలో దొరుకుతుంది. డిగ్రీ అవగానే కొన్ని నెలలు ఏదైనా హాస్పిటల్లో వాలంటీర్‌గా రోగుల దగ్గర కూర్చోమనండి. ఏడుస్తున్న మనిషి ముందు సలహా ఇవ్వకుండా వినగలుగుతోందా, ఇంటికొచ్చాక తిని పడుకోగలుగుతోందా, మీరే చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. సర్టిఫికేషన్‌కు ఆమె సంఘం నుంచి అధికారిక ఆమోదం కావాలి, చాలామంది ఇది చదువంతా అయ్యాక తెలుసుకుని ఇబ్బంది పడతారు. ఆడవాళ్లను పాస్టర్లుగా అభిషేకించని కొన్ని సంఘాలు కూడా చాప్లిన్ పనికి ఆమోదం ఇస్తాయి. కాబట్టి ఈ వారమే మీ సంఘ పెద్దలను కలిసి సూటిగా అడగండి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్లు కాదంటే అమ్మాయి మనసుకు నచ్చిన వేరే సంఘం ఉందేమో ఆమెనే ఆలోచించుకోనివ్వండి. ఈ సంగతి తేలాకే సెమినరీ (థియాలజీ కాలేజీ) ఫీజు కట్టండి.